సంతకం పెట్టే ముందు ఆ కాగితం రెండో లాయరు చదవాలి

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. ఉద్యోగం నుంచి రిటైరై మూడేళ్లయింది. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి అబ్బాయిని ఎంఎస్‌కి టెక్సస్ పంపించాం. ఇంకో సెమిస్టర్ మిగిలి ఉంది. నెల కిందట అక్కడ ఒక పెద్ద దుకాణంలో సరుకులు కొని, బిల్లు మనమే వేసుకునే యంత్రం దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా బయటికి వస్తున్నాడని ఆపి పోలీసులకు అప్పగించారు. 160 డాలర్ల సరుకు. వేలిముద్రలు, ఫొటో తీసుకుని, ఆ రాత్రే బాండు మీద వదిలారు. అక్కడి లాయరు ‘తప్పు ఒప్పుకుంటే ఆరు నెలలు పర్యవేక్షణలో ఉంచి కేసు మూసేస్తారు, రికార్డు కూడా కనిపించకుండా చేయవచ్చు’ అంటున్నారు. మూడు వారాల్లో కోర్టు తేదీ ఉంది. మాఘంలో మా అమ్మాయి పెళ్లి. వాడు వచ్చి వెళ్లవచ్చా? కేసు మూసేశాక వీసా వాళ్లు అడిగితే చెప్పాలా, వద్దా? స్నేహితులు చెప్పవద్దంటున్నారు. సంకెళ్లు వేసి విమానంలో పంపడం టీవీలో చూసినప్పటి నుంచి నా భార్యకు నిద్ర లేదు. కేసు కాగితం ఫొటో పంపుతున్నాను.
– ఒక తండ్రి, హైదరాబాద్

సమాధానం: అయ్యా, అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఇది. మీ అబ్బాయి ఆ ఒప్పుకోలు కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకూడదు. లాయరు చెడ్డవారని నేను అనడం లేదు. ఆయన చెప్పింది క్రిమినల్ కోర్టు వరకు నిజమే కావచ్చు. కానీ మీ అబ్బాయి మీద ఇప్పుడు రెండు చట్టాలు కూర్చుని ఉన్నాయి. ఆయన ఒకదాని గురించే మాట్లాడుతున్నారు.

మనం హైదరాబాద్ అలవాటుతో ఆలోచిస్తాం, అది సహజం. ఇక్కడ మద్యం తాగి బండి నడిపి దొరికినవాళ్లు గోషామహల్‌లోని ట్రాఫిక్ శిక్షణ కేంద్రంలో ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని కౌన్సెలింగ్ వింటారు. ఆ తర్వాత కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి ఇంటికి వెళ్తారు. చిన్న కేసుల్లో చాలామందికి ఒప్పుకోవడమే బయటపడే దారి. మీ మనసులో కూడా ‘ఎంతో కొంత కట్టేసి పిల్లవాడిని చదువుకోనిద్దాం’ అనే ఉంటుంది. అమెరికా పౌరుడైన పిల్లవాడికి టెక్సస్‌లో ఆ సలహా బాగానే పనిచేస్తుంది. వీసా మీద ఉన్న పిల్లవాడికి మాత్రం ఆ ఒప్పుకోలే మెడకు చుట్టుకుంటుంది.

ఎందుకో చూడండి. మీ లాయరు చెబుతున్నదాన్ని టెక్సస్‌లో డిఫర్డ్ అడ్జూడికేషన్ అంటారు. నిందితుడు తప్పు ఒప్పుకుంటాడు, లేదా ‘అభియోగాన్ని ఎదిరించను’ అంటాడు. జడ్జి నేరస్థుడని తీర్పు రాయకుండా ఆపి, కొన్నాళ్లు షరతులతో పర్యవేక్షణలో ఉంచుతారు. గడువు సాఫీగా గడిస్తే కేసు కొట్టేస్తారు. టెక్సస్ చట్టం దృష్టిలో శిక్ష పడినట్టు కాదు. కానీ అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలో ‘నేరనిర్ధారణ’ అనే మాటకు 1996 నుంచి వేరే నిర్వచనం ఉంది. నిందితుడు తప్పు ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక శిక్షో, జరిమానానో, స్వేచ్ఛ మీద ఏదైనా అదుపో విధిస్తే చాలు, శిక్ష పడినట్టే. రాష్ట్రం తర్వాత కేసు కొట్టేసినా, రికార్డు దాచినా ఆ లెక్క మారదు. ఆరు నెలల పర్యవేక్షణ కూడా అదుపే కదా. అంటే ఒకే కాగితం డాలస్‌లో ‘ఏమీ కాలేదు’ అని, వాషింగ్టన్‌లో ‘దొంగతనంలో దోషి’ అని చదవబడుతుంది.

ఇలాంటి కాగితాలు చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఇరవై మూడేళ్ల పిల్లవాడు, ఇంగ్లీషులో పది పేజీలు, పక్కన లాయరు గడియారం చూసుకుంటూ ‘ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ’ అని వేలు పెట్టి చూపిస్తాడు. ఆ పిల్లవాడి చదువు, ఉద్యోగం, ఇంటి మీది అప్పు ఆ మూడు సంతకాల మీద ఆధారపడి ఉన్నాయని అక్కడ ఎవరూ చెప్పరు.

అయితే చెప్పవలసిన బాధ్యత లాయరుకు ఉందని అక్కడి సుప్రీంకోర్టే తీర్పు ఇచ్చింది. అది 2010 నాటి పడీయా కేసు. హోసే పడీయా హోండురాస్‌లో పుట్టి అమెరికాలో 40 ఏళ్లకు పైగా ఉన్నవాడు. వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. కెంటకీలో లారీలో గంజాయి రవాణా చేశాడని పట్టుకున్నారు. ‘నువ్వు ఇన్నేళ్లుగా ఇక్కడ ఉన్నావు, ఇమ్మిగ్రేషన్ గురించి దిగులు పడనక్కర్లేదు’ అని లాయరు చెప్పాడు. పడీయా తప్పు ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలుతోనే దేశం నుంచి పంపించే చర్య మొదలైంది. వలస విషయంలో రాగల ఫలితం గురించి నిందితుడికి చెప్పడం క్రిమినల్ లాయరు విధి అని, చట్టం అస్పష్టంగా ఉన్నచోట కనీసం ప్రమాదం ఉండవచ్చని హెచ్చరించాలని సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి మీ అబ్బాయి తన లాయరును నిర్మొహమాటంగా అడగవచ్చు: ‘నేను ఎఫ్-1 వీసా మీద ఉన్నాను. ఈ ఒప్పందం నా వీసాను, నా స్టేటస్‌ను (దేశంలో ఉండే అర్హతను), రేపటి హెచ్-1బీని ఏం చేస్తుందో నాకు రాతపూర్వకంగా చెప్పండి.’ ‘నాకు తెలియదు’ అని లాయరు నిజాయితీగా అంటే మంచిదే, ఇమ్మిగ్రేషన్ లాయరును కలుపుకోవచ్చు. ‘ఏమీ కాదులే’ అని నోటిమాటగా అంటే మాత్రం ఆ రోజు సంతకం పెట్టకుండా వాయిదా అడగమనండి.

ఇక మీరు పంపిన ఫొటో. కింది మూల మడత పడి అంకెలు కొన్ని కనిపించడం లేదు గానీ, అసలు వరుస చదవగలిగాను. దొంగతనం, సరుకు విలువ 100 డాలర్లు లేదా అంతకు మించి, 750కి లోపు. టెక్సస్‌లో అది బి తరగతి చిన్న నేరం. గరిష్ఠ శిక్ష 180 రోజుల జైలు, 2,000 డాలర్ల జరిమానా. ఈ 180 అనే అంకెను గట్టిగా గుర్తుపెట్టుకోండి, మీకు కొంత ఊరట ఇచ్చేది అదే.

అమెరికా వలస చట్టంలో ‘నైతిక పతనంతో కూడిన నేరం’ అనే పాతకాలపు మాట ఒకటి ఉంది. దానికి చట్టంలో నిర్వచనం లేదు. కోర్టులు ఒక్కొక్క నేరాన్ని చూసి చెబుతూ వచ్చాయి. దుకాణంలో దొంగతనం సాధారణంగా అందులోకే వస్తుంది. దేశంలోకి వచ్చిన ఐదేళ్లలోపు అలాంటి నేరం చేసి దోషిగా తేలితే పంపించవచ్చు, కానీ ఆ నేరానికి ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ శిక్ష వేసే వీలుండాలి. మీ అబ్బాయిది 180 రోజులే. అలాగే దేశంలోకి రానివ్వకుండా ఆపే నిబంధనకు ఒక మినహాయింపు ఉంది. చేసింది ఒకే ఒక్క అలాంటి నేరమై, దాని గరిష్ఠ శిక్ష ఏడాది మించకుండా, వేసిన శిక్ష ఆరు నెలలు మించకుండా ఉంటే చిన్న నేరం కింద వదిలేస్తారు. అంటే చట్టం అక్షరాల ప్రకారం చూస్తే, జరగరానిది జరిగినా మీ అబ్బాయి దారి పూర్తిగా మూసుకుపోలేదు. అమ్మగారికి ఈ మాట చెప్పండి.

మరి అలాంటప్పుడు ఒప్పుకుంటే నష్టం ఏమిటి అని మీరు అడగవచ్చు. నష్టం ఉంది. ఆ మినహాయింపు జీవితంలో ఒక్కసారే దొరికేది, దాన్ని 160 డాలర్ల సరుకు మీద ఖర్చు చేసేసినట్టవుతుంది. ఇంకో చిన్న కేసు పడితే, వేర్వేరు సందర్భాల్లో రెండు నేరాలు అన్న లెక్కలో, శిక్షల పరిమాణంతో సంబంధం లేకుండా పంపించవచ్చు. పైగా వీసా ఇవ్వడం, రద్దు చేయడం, హెచ్-1బీకి మార్చడం, గ్రీన్‌కార్డు ఇవ్వడం చాలావరకు అధికారుల విచక్షణతో నడిచేవి. ‘దొంగతనం ఒప్పుకున్నాడు’ అన్న వాక్యం ఆ ప్రతి బల్ల మీదా మళ్లీ లేస్తుంది.

అందువల్ల లాయరు ముందుగా ప్రయత్నించవలసింది వేరు. కేసు పూర్తిగా కొట్టేయించడం మొదటిది. దొంగతనానికి సొంతదారుకు సొత్తు దక్కకుండా చేయాలన్న ఉద్దేశం రుజువు కావాలి. యంత్రం దగ్గర పొరపాటున స్కాన్ కాకపోవడం నేరం కాదు. దుకాణం కెమెరా దృశ్యం తెప్పించారా? మిగతా వస్తువులకు డబ్బు కట్టిన రసీదు మీ అబ్బాయి దగ్గర ఉందా? ఆ రసీదు మీద సమయం కూడా ముద్రించి ఉంటుంది, దాన్ని పోగొట్టుకోవద్దనండి. కేసు కొట్టేయించడం కుదరకపోతే ప్రీట్రయల్ డైవర్షన్ అడగాలి. అందులో కోర్టు ముందు తప్పు ఒప్పుకోకుండానే, ప్రాసిక్యూటర్‌తో ఒప్పందం మీద క్లాసులకు హాజరై, సేవ చేసి, కేసు కొట్టేయించుకుంటారు. వినడానికి ఇదీ, డిఫర్డ్ అడ్జూడికేషనూ కవలల్లా ఉంటాయి, ఇమ్మిగ్రేషన్ కంటికి మాత్రం చాలా తేడా. అయితే కొన్ని డైవర్షన్ ఒప్పందాల్లో ‘నేను ఫలానా పని చేశాను’ అని రాసి ఇవ్వమంటారు. ఆ ఒక్క పేరా మొత్తం ప్రయోజనాన్ని చెడగొట్టగలదు. అందుకే దాన్నీ ఇమ్మిగ్రేషన్ లాయరే చదవాలి. ఇదీ కాకపోతే దొంగతనం అన్న మాట లేని వేరే అభియోగానికి తగ్గించమని అడగడం మూడో దారి.

ఇమ్మిగ్రేషన్ చట్టం అక్కడ దేశమంతటికీ ఒకటే కాబట్టి, ఏ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న లాయరైనా వీడియోలో సలహా ఇవ్వవచ్చు. క్రిమినల్ కేసుల ప్రభావం గురించి తెలిసినవారా అని ముందే అడగాలి. మామూలుగా హెచ్-1బీ దరఖాస్తులు నింపే లాయరుకు ఇది తెలిసి ఉండకపోవచ్చు. పెద్ద విశ్వవిద్యాలయాలు చాలావాటిలో విద్యార్థులకు ఉచిత న్యాయ సలహా విభాగం ఉంటుంది, మీ అబ్బాయి విశ్వవిద్యాలయంలో ఉందేమో కనుక్కోమనండి. అమీర్‌పేటలో ఎవరైనా ‘అక్కడ మనవాళ్లు ఉన్నారు, ఇంత ఇస్తే సెటిల్ చేయిస్తాం’ అంటే ఒక్క రూపాయి ఇవ్వవద్దు. బాధలో ఉన్న తండ్రి ఫోను నంబరు అలాంటివాళ్లకు ఎలాగో చేరుతుంది. దుకాణం తరఫు లాయర్ల నుంచి కొన్ని వందల డాలర్లు కట్టమని విడిగా ఉత్తరం వచ్చినా కంగారు పడవద్దు. అది నష్టపరిహారం అడిగే సివిల్ డిమాండు, అది కడితే క్రిమినల్ కేసు పోదు. దాన్ని కూడా లాయరుకే చూపించాలి.

అమ్మగారు చూసిన విమానం గురించి. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులతో అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగింది. చేతులకు, కాళ్లకు సంకెళ్లు వేసిన దృశ్యాలు మనందరం చూశాం. అందులో ఎక్కువమంది ఏజెంట్లకు లక్షలు పోసి, అనుమతి లేకుండా సరిహద్దు దాటినవారు. మీ అబ్బాయి వీసాతో, విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంతో, రాజమార్గంలో వెళ్లినవాడు. అతని పరిస్థితి వేరు. అయినా అమ్మగారి భయం ఊరికే పుట్టలేదు, దాని మూలం ఎక్కడుందో మీకు తెలియాలి.

అమెరికా సుప్రీంకోర్టు 1893లోనే, దేశం నుంచి పంపించడం నేరానికి శిక్ష కాదని చెప్పింది. శిక్ష కాదు కాబట్టి అది సివిల్ వ్యవహారం. సివిల్ కాబట్టి ప్రభుత్వ ఖర్చుతో లాయరు ఉండరు, జ్యూరీ ఉండదు. ఇమ్మిగ్రేషన్ జడ్జి కూడా న్యాయవ్యవస్థలో భాగం కాదు, న్యాయ శాఖ ఉద్యోగి. ఇంత వరకు సివిల్ అంటారు గానీ, పట్టుకునే తీరు, గది, తాళం మాత్రం జైలువే. క్రిమినల్ చట్టంలోని కాఠిన్యం అంతా తెచ్చుకుని, అందులోని రక్షణలను మాత్రం బయటే వదిలేసిన ఈ కలయికకు 2006లో జూలియట్ స్టంఫ్ అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు ‘క్రిమిగ్రేషన్’ అని పేరు పెట్టారు.

మన తెలుగువాళ్లకు ఈ పేరు తెలియకపోయినా అనుభవం తెలుసు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు, మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టిన ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. అప్పటికి ఏ కోర్టూ వాళ్లను నేరస్థులని చెప్పలేదు. తర్వాత 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం. అది ప్రభుత్వ అధికారులే నడిపిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసులు పెట్టారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. చేరిన విద్యార్థుల మీద పెట్టినవి మాత్రం సివిల్ ఆరోపణలు. అయినా వంద మందికి పైగా భారతీయ విద్యార్థులు నిర్బంధంలోకి వెళ్లారు. ఆ వారం హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లలో ఫోన్లు రాత్రంతా మోగాయో నాకు గుర్తుంది.

ఇంకో విషయం. మీ అబ్బాయి వేలిముద్రలు స్థానిక జైలులో తీసుకున్నారు కదా, అవి అక్కడితో ఆగవు. ఎఫ్‌బీఐకి వెళ్లిన వేలిముద్రలు అక్కడి నుంచి వలస వ్యవహారాలు చూసే హోంలాండ్ సెక్యూరిటీ శాఖకు కూడా చేరతాయి. 2013 నాటికే ఈ పద్ధతి దేశమంతటా అమల్లోకి వచ్చింది. కాబట్టి ‘ఇమ్మిగ్రేషన్ వాళ్లకు తెలియదులే’ అన్న ఊహను ఇప్పుడే వదిలేయండి. 2025 వసంతంలో వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను (విద్యార్థుల స్టేటస్ నమోదు చేసే ప్రభుత్వ జాబితాలోని వివరాలను) ఉన్నట్టుండి రద్దు చేసినప్పుడు జరిగింది ఇదే. పేర్లను నేర రికార్డులతో సరిపోల్చారు. కేసు కొట్టేసినవాళ్లు, ట్రాఫిక్ చలానా ఉన్నవాళ్లు కూడా ఆ వలలో పడ్డారు. విద్యార్థులు కోర్టులకు వెళ్లారు, జడ్జీలు వరుసగా ఆపుదల ఉత్తర్వులు ఇచ్చారు, ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డులను పునరుద్ధరిస్తామని కోర్టుకు చెప్పింది. పోరాడినవాళ్లు గెలిచారు, అది నిజం. ఆ మూడు వారాల్లో భయంతో సామాన్లు సర్దుకుని వచ్చేసిన పిల్లలూ ఉన్నారు, అదీ నిజం.

2025 జనవరి 29న సంతకమైన లేకెన్ రైలీ చట్టం గురించి కూడా మీరు వినే ఉంటారు. దుకాణంలో దొంగతనం లాంటి ఆరోపణ ఉంటే చాలు, రుజువు కాకముందే తప్పనిసరిగా నిర్బంధించాలని అది చెబుతుంది. ప్రధానంగా అది అనుమతి లేకుండా ప్రవేశించినవారికి, సరైన పత్రాలు లేనివారికి, మోసంతో వచ్చినవారికి వర్తిస్తుంది. చెల్లే స్టేటస్ ఉన్న విద్యార్థి అందులోకి రాడు. అందుకే మీ అబ్బాయి స్టేటస్‌ను కంటికి రెప్పలా కాపాడుకోవాలి. పూర్తి క్రెడిట్లతో చదవాలి, క్లాసు మానకూడదు, అనుమతి లేని పని ఒక్క గంట కూడా చేయకూడదు. సెవిస్‌లో తన రికార్డు ఎలా ఉందో చూసుకుంటూ ఉండాలి. విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారికి అరెస్టు సంగతి ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలో మాత్రం ఇమ్మిగ్రేషన్ లాయరును అడిగాకే.

(అమెరికావాళ్లనే అంటున్నానని కాదు, మన దేశం కూడా ఇదే దారిలో నడుస్తోంది. 2025 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన కొత్త వలస, విదేశీయుల చట్టం ప్రకారం వీసా గడువు దాటి ఇక్కడ ఉండటమే నేరం. మూడేళ్ల వరకు జైలు, 3 లక్షల వరకు జరిమానా. టోలీచౌకిలో గది తీసుకుని చదువుకునే విదేశీ విద్యార్థి తండ్రి కూడా ఎక్కడో ఇలాగే నిద్ర లేకుండా ఉంటాడు.)

ఇప్పుడు పెళ్లి. దీనికి జవాబు రాయడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది. రావద్దనే చెప్పాలి.

కేసు నడుస్తుండగా దేశం దాటడానికి బాండు షరతులు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకున్నా, విమానం ఆలస్యమై కోర్టు తేదీ తప్పితే వారంటు వస్తుంది. ఆ వారంటు అసలు కేసు కంటే పెద్ద తలనొప్పి. అంతకంటే ముఖ్యమైనది తిరుగు ప్రయాణం. వీసా, స్టేటస్ రెండూ ఒకటి కాదు. వీసా గుమ్మం దాటడానికి, స్టేటస్ లోపల ఉండటానికి. అరెస్టు సమాచారం చూసి వీసాను విదేశాంగ శాఖ ఏ రోజైనా రద్దు చేయవచ్చు, ఒక ఈమెయిలు వస్తుంది, అంతే. అలా రద్దయిన వీసాను కారణంగా చూపి లోపల ఉన్నవారి మీద కూడా చర్య మొదలుపెట్టవచ్చు గానీ, అక్కడ ఉంటే జడ్జి ముందు వాదించుకునే అవకాశం ఉంటుంది. మాఘంలో శంషాబాద్‌లో దిగి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో మళ్లీ వీసా కోసం నిలబడవలసి వస్తే ఆ అవకాశం ఉండదు. కిటికీ అవతలి అధికారి కాదంటే అప్పీలు లేదు. ఒక్క సెమిస్టర్ మిగిలి ఉన్న చదువు అక్కడే ఆగిపోతుంది.

లాజహోమంలో చెల్లెలి దోసిట్లో పేలాలు పోసేది అన్నే. ఆ క్షణంలో మీ ఇంట్లో అందరి కళ్లూ ఎటు తిరుగుతాయో నేను ఊహించగలను. చిన్నాన్న కొడుకో, పెదనాన్న కొడుకో ఆ పని చేస్తాడు, శాస్త్రం ఒప్పుకుంటుంది. కానీ అమ్మాయికి అసలు కారణం దాచవద్దు. ‘సెలవు దొరకలేదు’ అని చెబితే అన్న తన పెళ్లికి రాలేదన్న నొప్పి ఆమెకు మిగులుతుంది. నిజం తెలిస్తే ఆమే ‘రావద్దు’ అంటుంది. వియ్యాలవారికి ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం, అది వాళ్ల హక్కు కాదు.

మూడోది, చెప్పాలా వద్దా అన్నది. చెప్పాలి. ఇందులో రెండో ఆలోచనే లేదు. వీసా దరఖాస్తు డీఎస్-160లో ప్రశ్న ‘మీకు శిక్ష పడిందా’ అని మాత్రమే కాదు. మీరు ఎప్పుడైనా అరెస్టయ్యారా, లేదా దోషిగా తేలారా, క్షమాభిక్ష లాంటిది దొరికినా సరే, అని అడుగుతుంది. అరెస్టయ్యాడు కాబట్టి జవాబు ‘అవును’. కేసు కొట్టేసినా ‘అవును’. రికార్డు చెరిపేసినా ‘అవును’. ‘కాదు’ అని టిక్కు పెడితే, 180 రోజుల చిన్న కేసు పక్కకు పోయి, వీసా కోసం అబద్ధం చెప్పాడన్న కొత్త అభియోగం వస్తుంది. దానికి జీవితాంతం ప్రవేశ నిషేధం. చిన్న నేరమన్న మినహాయింపు అబద్ధానికి లేదు. వేలిముద్రలు వాళ్ల తెర మీద ఉండగా ‘కాదు’ అనమని సలహా ఇచ్చే స్నేహితులు మంచి మనసుతోనే ఇస్తున్నారు, కానీ ఆ సలహా విన్నవాళ్లే నష్టపోతారు.

‘అవును’ అన్నాక చూపించడానికి కాగితాలు కావాలి. కొన్నేళ్ల కిందట ఒక తల్లి ఫైలు పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. కొడుకు కేసు కొట్టేశారు, లాయరు ఉత్సాహంగా రికార్డును పూర్తిగా చెరిపించేశాడు. వీసా అధికారి కోర్టు తుది ఉత్తర్వు ధ్రువీకరించిన ప్రతి అడిగారు. కోర్టుకు రాస్తే ‘అలాంటి కేసు మా దగ్గర లేదు’ అని జవాబు. చెరిపేశారు కదా మరి. నిర్దోషి అని చూపే కాగితమే లేకుండా పోయింది. ఆ తల్లి సంచిలో ఉన్నదంతా చిలుకూరు ప్రసాదం, కొడుకు మార్కుల జాబితా, ఆ జవాబు ఉత్తరం. అందుకే మీ అబ్బాయి కేసు ఎలా ముగిసినా, రికార్డు చెరిపించే ముందే, పోలీసు నివేదిక, అభియోగ పత్రం, తుది ఉత్తర్వు, మూడింటికీ ధ్రువీకరించిన ప్రతులు నాలుగైదు తీసి పెట్టుకోవాలి. ఒక సెట్టు మీ బీరువాలో ఉండాలి.

ఇది చదువుతున్న మిగతా తల్లిదండ్రులకు రెండు మాటలు. మద్యం తాగి కారు నడిపి పట్టుబడితే, కోర్టు ఏమీ తేల్చకముందే, అరెస్టు ఆధారంగానే వీసా రద్దు చేసే పద్ధతి 2015 నుంచి ఉంది. గంజాయి కాలిఫోర్నియాలో చట్టబద్ధం అనుకుని మన పిల్లలు మోసపోతున్నారు. వలస చట్టం కేంద్రానిది, కేంద్ర చట్టంలో అది ఇంకా నిషిద్ధమే, వాడానని అధికారి ముందు ఒప్పుకున్నా చిక్కే. బయలుదేరే ముందు సూట్‌కేసులో ఆవకాయ సర్దేటప్పుడు ఈ రెండూ కూడా చెప్పి పంపండి.

మీ అబ్బాయిని ఎప్పుడైనా ఇమ్మిగ్రేషన్ అధికారులు ఆపితే, మౌనంగా ఉండే హక్కు, లాయరుతో మాట్లాడే హక్కు అతనికి ఉన్నాయి. భారత కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం ఇచ్చింది. టెక్సస్‌కు హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్. ఆ నంబరు ఫోనులోనే కాదు, కాగితం మీద రాసి జేబులో పెట్టుకోమనండి, ఫోను ముందు తీసేసుకుంటారు. అర్థం కాని ఏ ఇమ్మిగ్రేషన్ కాగితం మీదా సంతకం వద్దు. ముఖ్యంగా ‘స్వచ్ఛందంగా వెళ్తాను’ అన్నదాని మీద వద్దు. ఇమ్మిగ్రేషన్ కోర్టుకు రమ్మని నోటీసు వస్తే తప్పకుండా వెళ్లాలి. వెళ్లకపోతే అతను లేకుండానే పంపించే ఉత్తర్వు రాసేస్తారు.

అబ్బాయితో వాట్సాప్‌లో ‘ఎందుకు చేశావు’ అని రాయవద్దు, జవాబుగా అతనేదీ రాయనివ్వవద్దు. ఆ మాటలు కోర్టుకు చేరవచ్చు. అసలు ఆ రాత్రి ఏం జరిగిందన్నది అతను లాయరుకు చెప్పుకోవాలి. మీరు అడగవలసింది అన్నం తింటున్నాడా, గదిలో ఒంటరిగా ఉంటున్నాడా అన్నదే. ఇలాంటి సమయంలో పిల్లలు సిగ్గుతో ఫోను ఎత్తడం మానేస్తారు. అమ్మగారు రోజూ చేస్తున్నారా?

ఈ రాత్రి తొమ్మిదింటికి ఫోను చేయండి, అక్కడ ఉదయం తొమ్మిదిన్నర అవుతుంది, లాయర్ల ఆఫీసులు తెరిచే వేళ. లాయరు ఇచ్చిన ఒప్పందం ముసాయిదా ప్రతి పేజీనీ స్కాన్ చేసి ముందు మీకు, తర్వాత ఇమ్మిగ్రేషన్ లాయరుకు పంపమనండి. మూడు వారాలు సరిపోకపోతే వాయిదా అడగవచ్చు, మొదటి తేదీకే కేసు తేలిపోవాలన్న నియమం లేదు. మడత పడిన ఆ మూల విప్పి, కేసు నంబరు కనిపించేలా ఫొటో మళ్లీ తీసి నాకు పంపండి.